బుచ్చవ్వ విన్న పిట్ట

పదకొండు చలికాలాలు బుచ్చవ్వకు గొంతుతో తోడున్న పిట్ట, ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు సదానందం కంటపడిన పిట్ట ఒకటేనా, వేరువేరా? ఎంత తరచి చూసినా ఆ సంగతి ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. తేల్చగలిగిన వాళ్లు లోకంలో ఆ ఆలుమగలు ఇద్దరే. అప్పటికి వాళ్లలో ఒకరికి చెవులు లేవు, ఇంకొకరికి కళ్లు లేవు.

పుట్టుకతోనే లేవని కాదు. సదానందం పదహారో ఏట సిరిసిల్లలో సాంచె ముందు నిలబడ్డాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. ఒక్క సాంచె ఆడితేనే పక్కింటివాళ్లకు నిద్ర పట్టదు. రేకుల షెడ్డులో ఇరవై నాలుగు ఒక్కసారి ఆడుతుంటే పక్కన నిలబడ్డ మనిషి మాట కూడా చెవిని పడదు. అందుకని కార్ఖానాలో ఎవరూ మాట్లాడరు. పోగు తెగిందని చెప్పాలంటే రెండు వేళ్లు కలిపి విడదీస్తారు. చాయకు పోదామంటే బొటనవేలు పెదవికి ఆనిస్తారు. సాంచాల యజమాని ఆసామి వస్తున్నాడంటే మీసం దువ్వుతారు, ఆయనకు మీసం ఉన్నా లేకున్నా. నలభై ఏళ్లకు పైగా అట్లా గడిచాక ఒకనాడు సదానందం బజారుకు వచ్చి నిలబడితే సాంచాల చప్పుడు తలలో ఆగలేదు. సన్నటి చప్పుళ్లు ఇక వినబడవని చెవుల డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు. పెదవులు చూసి మాట పట్టడం కార్ఖానాలోనే వచ్చింది కనుక సదానందం పెద్దగా దిగులు పడలేదు. ఒక్కటే చిక్కు. తన గొంతు ఎంత పైకి లేస్తుందో తనకు తెలియదు.

బుచ్చవ్వది బీడీల బతుకు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారపు ఉండ. పొద్దున కూర్చుంటే వెయ్యి బీడీలు అయ్యేదాకా తల ఎత్తేది కాదు. అరవై దాటాక రెండు కళ్లకూ శుక్లాలు వచ్చాయి. ముందు బీడీ మూతి కనిపించడం మానేసింది, తర్వాత దారం, ఆ తర్వాత ఎదుటి మనిషి ముఖం. ఒకనాడు చాట తీసి అటక మీద పెట్టేసింది.

ఆర్డర్లు లేక ఆసామి తన సాంచాలను పాత ఇనుముకు అమ్ముకున్న ఏడాది సదానందం ఇంట్లో కూర్చున్నాడు. అప్పుడు గాని తన ఇంటి పెరడును పగటివేళ పూర్తిగా చూడలేదు. చిన్న పెరడు. ఒక జామచెట్టు, కూరల్లో వేసే కల్యామాకు చెట్టు ఒకటి, నల్లా, దాని పక్కన బట్టలుతికే బండ. హద్దు పొడుగునా రాతి కడీలు పాతి తీగ కట్టి ఉంటుంది. తీగకు అవతల ఇంకొకరి కార్ఖానా. అందులో సాంచాలు ఇంకా ఆడుతున్నాయి. పొద్దున ఆరింటికి పాళీ మారేటప్పుడు మాత్రం అరగంట సేపు ఆగుతాయి.

దీపావళి పోయిన వారానికి ఒక పొద్దున కడీ మీద ఆ పిట్ట కనిపించింది. పిచ్చుకంత ఉంది. తల, రొమ్ము పొయ్యి మీది గిన్నె అడుగులా నలుపు. పొట్ట, తోక ఇటుకపొడి రంగు. వాలిన చోట నిలకడగా ఉండదు. ఒకసారి వంగి లేస్తుంది, వెంటనే తోక వణికిస్తుంది. నేల మీదికి దూకి ఏదో ముక్కున కరుచుకుని మళ్లీ కడీ మీదికే వస్తుంది. సదానందం పళ్లపుల్ల నోట్లోనే పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

"బుచ్చవ్వా, గీడ ఒక పిట్టొచ్చింది. తోక సూడు, సలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది," అన్నాడు.

మెల్లగానే అన్నానని అతని నమ్మకం. పిట్ట ఎగిరిపోయింది. పక్కింటి సత్తమ్మ గోడ మీదుగా తల పెట్టి ఎవరికి జ్వరం వచ్చిందని అడిగింది.

గడపలో కూర్చున్న బుచ్చవ్వ అటు తిరిగింది. ఆమెకు వెలుతురు తప్ప ఇంకేమీ కనిపించలేదు. కానీ దీపావళి పోయాక పెరట్లోకి వచ్చిన పిట్ట అనగానే ముఖం మారింది.

"టిక్కు టిక్కుమంటదా?" అని అడిగింది. "జర సేపాగి, ఇరుసుకు నూనె లేని రాట్నం తిప్పినట్టు కీచుమంటదా?"

"నాకేం ఎరుక. నాకు ఇనబడ్తదా? తోక మాత్రం వణికిస్తది."

"నేను తోక సూడలే. పదకొండేండ్లు ఇన్న. ఒక్కనాడు తలెత్తి సూడలే."

ఆ పదకొండేళ్లు సదానందం సాంచాల పని కోసం భీవండిలో ఉన్నాడు. సిరిసిల్లలో పని పల్చబడితే అందరూ పోయినట్టే అతనూ రైలెక్కాడు. దసరాకు వచ్చి నాలుగు రోజులు ఉండి పోయేవాడు. అతను పోయిన కొన్నాళ్లకు పెరట్లో టిక్కు టిక్కుమని ఒక గొంతు వచ్చేదట. చలి ముదిరినన్ని రోజులూ ఉండేదట. ఎండలు మొదలయ్యే ముందు రెండు మూడు పొద్దులు సన్నగా, పొడుగ్గా ఒక పాట పాడి, ఆ తర్వాత వినిపించకుండా పోయేదట. ఆ పాట వినిపిస్తే చలికాలం గడిచిందని, మనిషి మళ్లీ రావడానికి సగం ఏడాది మిగిలిందని ఆమె లెక్క.

"మరి నాకెన్నడు చెప్పలేదేం?" అన్నాడు సదానందం.

"ఏమని చెప్పాలె? నువ్వు లేకుంటె పిట్టతోని మాట్లాడిన అంటె నవ్వుదువు."

అతను నవ్వలేదు. భీవండిలో తాను పది మందితో ఒక గదిలో పడుకున్నాడు. ఒంటరితనం అనుకోవడానికి కూడా చోటు లేదక్కడ. ఆమెకు ఇక్కడ ఒక పిట్ట ఉందని తెలియడం అతనికి ఎట్లాగో అనిపించింది. అదేదో తాను ఉండవలసిన చోట కూర్చున్న మనిషి గురించి విన్నట్టు ఉంది.

ఆ రోజు నుంచి ఇద్దరికీ ఒకటే పని. ఆమె విన్నదీ అతను చూస్తున్నదీ ఒకటేనా అని తేల్చుకోవాలి. ఆమె వినగానే "అగో" అంటుంది. అతను అప్పుడు కడీల మీద వెతకాలి. కానీ ఆమె పెదవుల మీద మాట చూసి తల తిప్పేసరికి పిట్ట ఉండదు. లేదా అతనికి ముందు కనిపిస్తుంది. "వచ్చింది" అని గుసగుసగా చెప్తాడు. ఆ గుసగుసకు పిట్టే కాదు, జామచెట్టు మీది ఉడుత కూడా దిగి పారిపోతుంది.

"నువ్వు గుసగుస పెడితె వేములవాడల గంట కొట్టినట్టున్నది. ఇగ జోరుగ మాట్లాడితె ఏమైతదో," అంది బుచ్చవ్వ.

పిట్టను దగ్గరికి రప్పిస్తే గాని లాభం లేదని సదానందం బండ మీద బియ్యం పోశాడు. నూకలు పోశాడు. సంక్రాంతి నాటికి జొన్నలు, సజ్జలు కూడా పోశాడు. పావురాలు వచ్చాయి, పిచ్చుకలు వచ్చాయి, ఎవరిదో కోడి తీగ కింద నుంచి దూరి వచ్చింది. ఆ జాతరకు బెదిరి తోక వణికించే పిట్ట కార్ఖానా రేకుల మీదికి మారిపోయింది.

శివరాత్రికి బుచ్చవ్వ తమ్ముడు భూమన్న వచ్చాడు. ఖానాపూర్ అడవిలో వాచర్ పని చేస్తాడు. వేములవాడ రాజన్న దర్శనం చేసుకుని, అక్క ఇంట్లో రెండు రోజులు ఉండి పోవడం అతని అలవాటు. పొద్దున్నే లేచి పెరట్లోకి వచ్చి, బండ చుట్టూ మూగిన పావురాలను చూశాడు.

"ఏం బావా, పెండ్లేమన్న పెట్టుకున్నవా? గింత మందిని పిలిచినవు, నన్ను పిలువలేదు."

సదానందం సంగతంతా చెప్పాడు. భూమన్న అడవి ఆఫీసర్ల వెంట పక్షుల లెక్కకు తిరిగినవాడు. కల్యామాకు చెట్టు చాటున గొంతుక్కూర్చుని గంట సేపు కదలకుండా చూశాడు. తర్వాత లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

"బరాబర్ నేననుకున్నదే. మా దిక్కు పెద్దమనుషులు నూనెబుడ్డి పిట్ట అనేటోళ్లు. మసి పట్టిన బుడ్డి, కింద మంట రంగు. ఇది మనూరిది కాదు బావా. ఎక్కడో మంచు కొండల నుంచి వస్తది. చలికాలం మనకాడ తిని, కాముని పున్నమ అటు ఇటు ఎల్లిపోతది. గింజ ముట్టది. పురుగులు తింటది, చీమలు తింటది. నువ్వు నాలుగు నెలల సంది దానికి ఎద్దు ముందట మాంసం కూర పెట్టినట్టు పెట్టినవు."

"గొంతో?" అని అడిగింది బుచ్చవ్వ. ఆమెకు కావలసింది అదొక్కటే.

"టిక్కుమంటది, నిజమే అక్కా."

"ఎండలు రాకముందు పొడుగు పాట పాడ్తదా?"

భూమన్న మళ్లీ కడీల వైపు చూశాడు. "చలికాలంల పాడంగ నేనైతె ఇనలే. పోయే ముందర కొన్ని పాడ్తయంటరు. మరి నల్లంచి పిట్ట ఉన్నది గద, నలుపు తెలుపుది, అది గూడ గప్పుడే గొంతు ఎత్తుతది. నువ్వు ఇన్నది దాని పాటేమో."

"నేనిన్నది నాకు తెల్వదారా?"

"తెల్వదంటలే. టిక్కుమన్నది ఒకటి, పాడింది ఒకటి కావచ్చు అంటున్న. పాడేటప్పుడు నోరు తెరిచింది ఎవరో సూస్తెనే తెలుస్తది."

బుచ్చవ్వ ఆ పూట సరిగా తినలేదు. పదకొండేళ్లు తోడున్నది ఒక్కటే అనుకున్నాక, అది రెండు కావచ్చని ఎవరైనా అంటే మనసు ఎట్లా ఒప్పుకుంటుంది? సాయంత్రం తమ్ముడి చెయ్యి పట్టుకుని, కంటి ఆపరేషన్ చేయించుకుంటానంది. మూడేళ్లుగా భయపడి వాయిదా వేసింది ఆమే. సదానందం నమ్మకం కలగక, ఆ మాట మళ్లీ అనమని ఆమె పెదవులు చూశాడు.

"పిట్ట పోకముందు చేపియ్యాలె," అంది. "ఈయినకు కండ్లున్నయి, చెవులు లేవు. నాకు చెవులున్నయి. కండ్లొస్తే రెండు ఒక్క మనిషి దగ్గర ఉంటయి. అది పాడంగ నేనే సూస్త."

హోలీ నాటి కాముని పున్నమకు పదహారు రోజులు ఉంది.

కంటి దవాఖానాలో షుగర్ ఎక్కువ ఉందన్నారు. తగ్గించుకుని రమ్మన్నారు. బుచ్చవ్వ జొన్నరొట్టె, మెంతికూర తప్ప ఏదీ ముట్టలేదు. వారానికి పోతే కొంచెం దిగింది, ఇంకా దిగాలన్నారు. ఈలోపల పిట్టను నిలబెట్టే పూచీ సదానందం మీద పడింది. దానికి పురుగులు కావాలి. పురుగులు ఎక్కడుంటాయి? పాత బియ్యంలో ఉంటాయి. గిన్నె పట్టుకుని వాడ మీదికి బయల్దేరాడు.

"సత్తమ్మా, మీ ఇంట్ల పురుగుల బియ్యం ఉంటె జర పెట్టవా?"

మామూలుగా అడిగాననుకున్నాడు. వాడంతా తలుపులు తెరుచుకున్నాయి. సత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవ్వలు చెప్పిండ్రన్నా మా ఇంట్ల పురుగులున్నయని? మా అత్త ఉన్నప్పటి సంది మా ఇంట్ల బియ్యంల పురుగు పుట్టలే. నలుగురు ఇంటె ఇజ్జత్ ఉంటదా?"

ఏ ఇంట్లోనూ పురుగు లేదన్నారు. అట్లాంటి శుభ్రమైన వాడ జిల్లా మొత్తంలో ఉండదు. కానీ చీకటి పడకముందే సత్తమ్మ వెనక తలుపు నుంచి ఒక కవరు గోడ మీద పెట్టి, చూడనట్టు లోపలికి పోయింది. మర్నాడు ఇంకో ఇంటి నుంచి, ఆ మర్నాడు ఇంకో రెండిళ్ల నుంచి కవర్లు వచ్చాయి. ఎవరి కవరో ఎవరూ చెప్పలేదు, సదానందం అడగలేదు. చాటలో పోసి ఎండలో పెడితే తెల్లటి పురుగులు అంచుకు పాకేవి. వాటిని ఏరి బండ మీద వేసేవాడు. అటక మీది బుచ్చవ్వ బీడీల చాటే అది.

పిట్ట మొదటి రోజు చూసి పోయింది. రెండో రోజు ఒకటి ఎత్తుకుపోయింది. నాలుగో రోజుకు బండ మీదే కూర్చుని తినసాగింది. సదానందం గొంతుకు పిట్ట బెదరకుండా బుచ్చవ్వే ఒక ఉపాయం చెప్పింది. ఇద్దరూ గడపలో పక్కపక్కన కూర్చుంటారు. ఆమె చెయ్యి అతని చేతిలో ఉంటుంది. పిట్ట వస్తే ఒకసారి నొక్కుతాడు, పోతే రెండుసార్లు. ఆరింటికి సాంచాలు ఆగుతాయి. అతను ఆమె చెయ్యి ఒకసారి నొక్కుతాడు. ఆ వెంటే ఆమె చెవిలో టిక్కుమంటుంది. "ఇదే," అంటుంది ఆమె. తోక వణికించేది, టిక్కుమనేది ఒకటేనని అట్లా తేలింది. మిగిలింది పాట. ఈ ఏడు అది ఇంకా వినిపించలేదు.

"పెండ్లయిన నలభై ఏండ్లకు చెయ్యి పట్టుకున్నడు మొగడు, అది గూడ పిట్ట కోసం," అని సత్తమ్మ గోడ అవతల ఎవరితోనో అంది.

"నువ్వు కుళ్లకు, పురుగుల బియ్యం ఉంటె పంపు," అంది బుచ్చవ్వ.

కాముని పున్నమ వచ్చింది, పోయింది. పిల్లల రంగు నీళ్లకు పెరటి గోడ గులాబీ రంగు అయింది. పిట్ట ఇంకా ఉంది. ఆపరేషన్‌కు తేదీ దొరికింది, ఇంకా మూడు రోజులు. పిట్ట ఈ మధ్య తినడం తగ్గించి, జామచెట్టు పైకొమ్మ మీద కూర్చుని ఉత్తరం దిక్కు చూస్తున్నట్టు సదానందానికి అనిపించింది. నిజంగా చూసిందో లేదో ఎవరికి తెలుసు. పోవాలనుకునే వాళ్లు ఎట్లా కూర్చుంటారో భీవండి గదిలో చూసి చూసి అతనికి తెలుసు.

దాన్ని ఆపడం ఎట్లా అని ఆలోచించి ఆలోచించి, అతనికి తెలిసిన ఒకే ఒక దారి పట్టాడు. పక్క కార్ఖానాలోకి పోయి కింద ఊడ్చిపోసిన వేస్ట్ దారం దోసెడు తెచ్చాడు. ఎరుపు, పసుపు, నీలం పోగులు. వాటిని చిన్న చిన్న కుచ్చులుగా కట్టి కడీల తీగకు, బండ పక్కనున్న ముళ్లకంపకు వేలాడదీశాడు.

"ఏం చేస్తున్నవు?" అని అడిగింది బుచ్చవ్వ. రంగులు ఆమెకు మబ్బులో మరకల్లా కనబడ్డాయి.

"గూడుకు సామాను పెడ్తున్న. గూడు కట్టుకుంటె పోదు."

"అది ఇక్కడ గూడు పెట్టదని తమ్ముడు చెప్పలే?"

"సామాను ఇయ్యకపోతె ఎట్ల పెడ్తది? భీవండికి పోయినోళ్లల సగం మంది ఆడనే ఇల్లు కట్టుకున్నరు. ఇల్లు కుదిరినంక మనిషి కదలడు."

"మరి నువ్వెందుకు కదిలినవు?"

సదానందం ఆమె పెదవులు చూశాడు. మాట అందింది. తీగ వైపు తిరిగి చేతిలో కుచ్చు ముడి బిగించాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. కుడికంటికి కట్టు కట్టి సాయంత్రానికి ఇంటికి పంపారు. మర్నాడు పొద్దున పదింటికి వస్తే కట్టు విప్పుతామన్నారు. వంగవద్దు, బరువు ఎత్తవద్దు, తల మీద నీళ్లు పోసుకోవద్దు అన్నారు. బుచ్చవ్వ రాత్రంతా వెల్లకిలా కదలకుండా పడుకుంది. తెల్లారగానే గోడ పట్టుకుని వచ్చి గడపలో కూర్చుంది. ఒక కంటికి కట్టు, ఇంకో కంటికి పాత మబ్బు. సదానందం నల్లా కింద బిందె పెట్టి వీపు ఇటు తిప్పి కూర్చున్నాడు. ఆరయింది. పక్క కార్ఖానాలో సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

టిక్కుమంది. తర్వాత టిక్కు, టిక్కు, టిక్కు అని ఎడం లేకుండా. ఇన్నేళ్లలో ఆమె అట్లాంటి తొందర ఆ గొంతులో వినలేదు. దాంతోపాటు కాగితం చింపుతున్నట్టు రెక్కలు కొట్టుకునే చప్పుడు.

"ఇగో, సూడు," అంది బుచ్చవ్వ. "ఇగో, పిట్టకేమో అయింది."

నల్లా ధార పడుతోంది. సదానందం కదలలేదు. ఆమె చెంబు అందుకుని నేలకు కొట్టింది. అతని వీపు అట్లానే ఉంది. బుచ్చవ్వ లేచింది. ఒక చెయ్యి గోడ మీద, తర్వాత జామచెట్టు మీద, ఆ తర్వాత గాలిలో. గొంతు వచ్చే దిక్కుకు అడుగులు వేసుకుంటూ పోయి, కంప దగ్గర డాక్టరు మాట మరిచిపోయి వంగి కూర్చుంది. వేళ్లకు ముందు ముల్లు తగిలింది, తర్వాత దారం, ఆ దారం చివర కొట్టుకుంటున్న వెచ్చటి ప్రాణం.

బిందె నిండి సదానందం తిరిగి చూసేసరికి ఆమె నేల మీద కూర్చుని దోసిలి మూసుకుని ఉంది. పరుగెత్తుకొచ్చి చూశాడు. వేళ్ల సందున నల్లటి తల, ఇటుక రంగు తోక. కాలికి ఎర్రటి పోగు మూడు చుట్లు చుట్టుకుని బిగిసింది. నూలైతే అప్పటికే తెగి ఉండేది. అది పాలిస్టర్. సాంచె లాగినా తెగదు. నలభై ఏళ్లు దారంతో బతికినవాడికి ఆ ముక్క గుర్తుకు రాలేదు.

"కత్తెర తెస్త," అన్నాడు.

బుచ్చవ్వ తల అడ్డంగా ఊపింది. కాలు పుల్లకన్నా సన్నగా ఉంది. కత్తెర దాని దగ్గరికి పోతే తెగేది దారమో కాలో చెప్పలేరు.

"నువ్వు సూసి చెప్పు. నేను ఇప్పుత. జర మెల్లగ మాట్లాడు, దాని గుండె పగులుతది."

సదానందం తన అరచేతిని గొంతు మీద పెట్టుకున్నాడు. లోపల అదురు ఎంత ఉందో చేత్తో చూసుకుంటూ, అది దాదాపు ఆగేదాకా తగ్గించి మాట్లాడాడు. అతని నోటి నుంచి అంత మెత్తటి మాట వచ్చి ఎన్నేళ్లయిందో బుచ్చవ్వకు గుర్తు లేదు.

"నీ బొటనేలు కింద ముడి ఉన్నది. ఇంకొంచెం ఇటు. ఆ, అదే. దాన్ని పైకి నెట్టు. గుంజకు."

లక్షల బీడీలకు దారం చుట్టిన వేళ్లు అవి. చుట్టడమే గాని విప్పడం వాటికి అలవాటు లేదు. గోరు మొనతో పోగును వెనక్కి నెట్టుకుంటూ ఒక చుట్టు తీసింది. రెండోది తీసింది. పిట్ట ఒక్కసారి టిక్కుమంది. సదానందం దాని వీపు మీద చూపుడు వేలి కొన ఆనించి ఉన్నాడు. సాంచె మీద చెయ్యి పెట్టి లోపల ఏ బోల్టు వదులైందో చెప్పిన వేలు అది. ఈకల కింద గొంతు దగ్గర చిన్న అదురు పుట్టి వేలిలోకి వచ్చింది. అతను బుచ్చవ్వ ముఖంలోకి చూశాడు.

"ఇప్పుడు టిక్కుమన్నది గద?"

"అన్నది."

"నాకు తెలిసింది," అన్నాడు.

మూడో చుట్టు ఊడింది. కాలు ముడుచుకుంది, మళ్లీ చాచింది. విరగలేదు. ఇప్పుడు ఆరున్నర. పదింటికి కట్టు విప్పుతారు. పన్నెండుకు ఇల్లు చేరతారు. సదానందం చూపు గోడకు ఆనించి ఉన్న పాత కోళ్ల గంప మీదికి పోయింది.

"బుచ్చవ్వా, గంప కింద మూద్దాం. పగటాల్ల దాకనే. పురుగులేస్త, నీళ్లు పెడ్త. నువ్వు కండ్లతోని సూసినంక ఇడిసిపెడ్దాం."

బుచ్చవ్వ దోసిలి ఇంకొంచెం దగ్గరికి తెచ్చుకుంది. దారం అయిపోయిన కండె అంత బరువు కూడా లేదు ఆ పిట్ట. అంత చిన్నదానికి అంత వేగంగా గుండె ఎట్లా కొట్టుకుంటుందో ఆమె అరచేతులకు తెలుస్తోంది. ఐదున్నర గంటలు. మూడేళ్లు మబ్బులో ఉన్నదానికి అదెంత సేపు? చూస్తే రంగు తెలుస్తుంది, తోక తెలుస్తుంది. రేపో ఎల్లుండో పాడితే నోరు తెరిచింది ఇదేనా అన్నదీ తెలుస్తుంది. గంప కిందిది పాడుతుందా అని సదానందానికి తోచలేదు. ఆమెకు తోచింది.

"వద్దు," అంది చివరికి.

"గింత చేసింది నువ్వు సూడాలెననే గద."

"నాకు లేదా సూడాలెనని? నువ్వు భీవండిల ఉన్ననాళ్లు నేను గంప కింద ఉన్నట్టె ఉన్న. ఎట్లుంటదో నాకెరుక. దానికి వద్దు."

సదానందం గంప వైపు నుంచి చూపు తిప్పుకున్నాడు. బుచ్చవ్వ చేతులు కొంచెం పైకెత్తి, పై చెయ్యి తీసింది. పిట్ట వెంటనే పోలేదు. తెరిచిన అరచేతిలో ఒక్క క్షణం కూర్చుంది. దాని గోళ్లు చర్మానికి గుచ్చుకోవడం, తోక వణికినప్పుడు వేలికి గాలి తగలడం ఆమెకు తెలిసింది. మబ్బు పట్టిన ఎడమ కన్ను తెరిచి, ముఖం దించి అక్కడే చూసింది. ఎర్రదో నల్లదో ఏదీ కనిపించలేదు, వెలుతురు తప్ప.

తర్వాత చెయ్యి తేలికైంది.

సదానందం తల ఎత్తి చూశాడు. పిట్ట రోజూ కూర్చునే కడీ మీద ఆగలేదు. బండ మీద అప్పుడే వేసిన పురుగుల వైపు రాలేదు. జామచెట్టు మీదుగా, కార్ఖానా రేకుల మీదుగా, ఉత్తరం దిక్కున ఎండ పడుతున్న మిద్దెల మీదుగా ఒక్క తీరున పోయింది. "ఎటు పోయింది?" అని బుచ్చవ్వ అడుగుతోంది. అతను ఆమె పెదవుల వైపు చూడటం లేదు. పక్క కార్ఖానాలో ఒక సాంచె మొదలైంది, వెంట ఇంకొకటి. పిట్ట చిన్నదైపోయి, చుక్కైపోయి, ఒక్కసారి కూడా గొంతు విప్పకుండా కనపడకుండా పోయింది.